ముత్యమ్మ వేసిన రూపాయి

శివశంకర్ తన ఇంట్లో సముద్రం పెట్టాలనుకున్నాడు. ఇది నా ఎగతాళి కాదు, ఆయన అన్న మాటే. "అంకుల్, హాల్ల సముద్రం పెడుతున్న. పైపుల పని మీరే చెయ్యాలె" అని ఫోన్ చేశాడు. కిష్టారెడ్డిపేటలో ఆయన విల్లా ఉన్న గల్లీకి నల్లా నీళ్లు రెండు రోజులకొకసారి వస్తాయి. మిగతా రోజుల్లో ట్యాంకర్లే గతి. అట్లాంటి చోట సముద్రమట! పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు.

నా పేరు కృపానందం. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో ముప్పై ఎనిమిదేళ్లు పైప్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. నీళ్ల లైన్లు, ఆవిరి లైన్లు నా డ్యూటీ. నేను బిగించిన జాయింటు ఒక్కటి కూడా కారలేదు. ఈ మాట చాలాసార్లు చెబుతానని మా ఆవిడ సువార్తమ్మ విసుక్కుంటుంది. చెబితే తప్పేముంది? మేనేజర్లు మారారు, యాజమాన్యం మారింది, నా జాయింట్లు మాత్రం బిగించినచోటే బిగించినట్టున్నాయి. శివశంకర్ తండ్రి అదే ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు, అందుకే నన్ను అంకుల్ అంటాడు. తండ్రి మసి బట్టలతో ఇంటికి పోయేవాడు. కొడుకు ప్లాట్లు అమ్మి, తెల్ల బూట్లు వేసుకుని, ఇంట్లోనూ అవి విప్పడం మానేశాడు.

వెళ్లి చూస్తే హాలు గోడ నిండా గాజు తొట్టి. ఏడడుగుల పొడవు, నా ఛాతీ దాకా ఎత్తు. దాని ముందు సందీప్ అనే కుర్రాడు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. హైదరాబాదులో చేపల తొట్లు కట్టించే వ్యాపారం అతనిది. శివశంకర్ భార్య సునంద సోఫాలో కూర్చుని, ఆ ఫోన్‌లో పగడాల బొమ్మలు చూస్తోంది.

"ఈ గులాబి రంగుది బాగుంది. కర్టెన్లకు మ్యాచ్ అయితది" అంది.

పగడాలంటే ఉంగరంలో పొదిగే రాళ్లే అనుకునేవాణ్ణి ఆ రోజు దాకా. అవి ప్రాణమున్నవట, నీళ్లలో బతుకుతాయట, తింటాయట, పెరుగుతాయట. దేవుడు సముద్రం అడుగున దాచిపెట్టిన ప్రాణిని తెచ్చి కర్టెన్ల పక్కన నిలబెట్టి సరిపోయిందో లేదో చూసుకునే మనుషులను ఆ ఇంట్లోనే చూశాను.

సందీప్ పని వివరించాడు. తొట్టి పైఅంచున ఉన్న రంధ్రాల్లోంచి నీళ్లు పైపుల గుండా గోడ వెనక గదిలోకి దిగాలి. అక్కడ ఇంకో తొట్టి ఉంటుంది. దానిలో మురికి తీసే మిషను, పంపు ఉంటాయి. పంపు మళ్లీ నీళ్లను పై తొట్టికి ఎక్కించాలి. రాత్రీ పగలూ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. వినడానికి పెద్ద విద్యే గానీ, ఇట్లాంటివి ఫ్యాక్టరీలో ఎన్ని కట్టలేదు!

"అంకుల్, ఒక్కటి గుర్తు పెట్టుకోండి. మెటల్ అస్సలు వద్దు. అన్నీ ప్లాస్టిక్కే" అన్నాడు సందీప్.

"ఎందుకు?" అన్నాను.

"ఉప్పు నీళ్లు కదా అంకుల్" అని మళ్లీ ఫోన్‌లోకి తల దూర్చాడు. అతను చెప్పింది అంతే. నేను అడిగిందీ అంతే. ఉప్పు నీళ్లకు ఇనుము తుప్పు పడుతుంది, అందుకే వద్దంటున్నాడనుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్లు పైపులు బిగించినవాడికి ఇంకా ఏం చెబుతాడు, ఆ మీసం సరిగా రాని పిల్లగాడు?

పది రోజులు పట్టింది పని. కొలిచి కోసి, అంచులు గీకి, జిగురు పూసి అతికించాను. కరెంటు పోయినప్పుడు పై తొట్టి నీళ్లు వెనక్కి కారి గది మునిగిపోకుండా, పంపు పైపుకు ఒక వాల్వు పెట్టాలి. నీళ్లను పైకి పోనిచ్చి, వెనక్కి రానివ్వని వాల్వు. సందీప్ ఇచ్చిన వాల్వు చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. లోపల పల్చటి ప్లాస్టిక్ రెక్క ఒకటి, అంతే. దీని మీద ఒక ఇంటి నేలంతా ఆధారపడుతుందా? నాకు ఒళ్లు మండింది. నా డబ్బాలో రిటైరైన నాటి నుంచి గుడ్డలో చుట్టి దాచుకున్న ఇత్తడి వాల్వు ఉంది. బంగారంలాంటి సరుకు. ఇత్తడి తుప్పు పట్టదు కదా! మా అమ్మ జీవితమంతా ఇత్తడి బిందెలో నీళ్లు పట్టింది. శివశంకర్ కూడా పొద్దున్నే రాగి చెంబులో నీళ్లు తాగి గానీ కాఫీ ముట్టడు. ప్లాస్టిక్ బొమ్మను సంచిలో వేసుకుని, ఇత్తడిది బిగించి, పైన చెక్క పలక మూసేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ పిల్లగాడితో వాదన, నాకు అంత ఓపిక లేదు.

నీళ్లు నింపే రోజు చూడాలి తమాషా. ట్యాంకర్లో వచ్చే బోరు నీళ్లు పనికిరావు, వాటిని మిషన్లో వడకట్టాలి. నాలుగు డ్రమ్ములు పోస్తే ఒక డ్రమ్ము మంచి నీళ్లు బయటికి వచ్చేవి, మూడు డ్రమ్ములు మోరీలోకి పోయేవి. ఆ మూడు డ్రమ్ములు చూసి తట్టుకోలేక ముత్యమ్మ బకెట్లు తెచ్చింది. ముత్యమ్మది కర్దనూరు. ఆ ఇంట్లోనూ, ఆ గల్లీలో ఇంకో రెండిళ్లలోనూ పనిచేస్తుంది. మోరీకి పోయే నీళ్లన్నీ పట్టి నేల తుడిచింది, చెట్లకు పోసింది, గేటు కడిగింది. ఆ ఇంట్లో తెలివి ఉన్నది ఆమె ఒక్కదానికే అనుకున్నాను.

మంచి నీళ్లలో బస్తాల కొద్దీ ఉప్పు కలిపి తొట్టి నింపారు. ఆ పూట నాకు చాయ్ ఇస్తూ ముత్యమ్మ అడిగింది.

"అన్నా, ఇయ్యి నిజంగనే సముద్రపు నీళ్లా?"

"ఏం సముద్రం? బోరు నీళ్లల్ల ఉప్పు కలిపిన్రు."

ఆమె వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఉప్పే. సముద్రమే" అంది తేల్చేసినట్టు.

ఆరు వారాలు ఉత్త రాళ్లతో, ఇసుకతో నీళ్లు తిరిగాయి. నీళ్లు పాకానికి రావాలట. ఆ తర్వాత ఒక పొద్దున సందీప్ సంచుల్లో నీళ్లు కట్టి పగడాలు తెచ్చాడు. నత్తలు, ఎర్ర చారల రొయ్యలు, నారింజ రంగు చేపలు కూడా. నీలం లైటు వేయగానే, నిజం చెప్పాలి, నేను కూడా గాజుకు ముక్కు ఆనించి చూశాను. పగడాలు చేతులు చాపి ఆడుతున్నాయి. సునంద వీడియో తీసింది. శివశంకర్ గల్లీనంతా పిలిచి చూపించాడు.

అందరూ వెళ్లాక నేను పంపు చప్పుడు వింటూ గోడ పక్కన ఉన్నాను. ముత్యమ్మ తొట్టి ముందు నిలబడి, కొంగు ముడి విప్పి, ఒక రూపాయి బిళ్ల తీసి కళ్లకు అద్దుకుని నీళ్లలో వేసింది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"గిదేంది ముత్యమ్మా?" అన్నాను నవ్వుతూ.

"గోదారి మీదికెల్లి రైలు పోతుంటె ఏసిన ఒకపారి. సముద్రాన్ని ఎన్నడు సూడలే. నేను పోకున్నా అదే ఇంటికొచ్చె. మా బిడ్డను కంపెనీల పర్మినెంటు చెయ్యాలని మొక్కిన." ఆమె గొంతు తగ్గించింది. "అన్నా, అమ్మకు సెప్పకు."

"ఉప్పు నీళ్లకు మొక్కుడేంది, పిచ్చిదానా! నేనెందుకు చెప్త? చెప్ప తియ్యి" అన్నాను.

రెండు వారాలకు నత్తలు చచ్చాయి. తర్వాత రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. తర్వాత పగడాలు చేతులు ముడుచుకున్నాయి, ఇక చాపలేదు. గులాబి రంగుదాని మీద ఉన్న చర్మం జారిపోయి తెల్లటి బొమిక మిగిలింది. చిత్రమేమంటే చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. నన్ను కూడా పిలిచారు. నేను వెళ్లేసరికి సందీప్ గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, ఏదో మందు చుక్కలు వేస్తున్నాడు. నీళ్లు నీలంగా మారాయి.

"కాపర్" అన్నాడు. అతని మొహం పాలిపోయింది. "రాగి, సార్. చేపలు తట్టుకుంటయ్. పగడాలు, రొయ్యలు తట్టుకోవు, జెరంత ఉన్నా చస్తయ్. ఈ నీళ్లకు ఎక్కడ్నో రాగి తగుల్తుంది. రాగి గానీ, ఇత్తడి గానీ. ఏమన్నా పడ్డదా? ఎవరన్నా ఏమన్నా వేసిన్రా?"

శివశంకర్, సునంద, సందీప్, ముత్యమ్మ, నేను. అందరం అక్కడే ఉన్నాం.

ఇత్తడిలో రాగి ఉంటుందని ఫిట్టర్‌కు తెలియదా? ఆ క్షణంలో గుర్తుకు రాలేదని చెప్పుకుంటే ఎవరూ నన్ను తప్పు పట్టరు. కానీ గుర్తుకొచ్చింది. 'ఇత్తడి' అని అతని నోట వినగానే చెక్క పలక వెనక ఉన్నది నా కళ్ల ముందు కనిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. పక్కవాళ్ల భుజం చూపించే రకం.

"నా లైన్ల ఏం లేదు. నీళ్లల్ల పైసలు ఎవ్వలేసిన్రో అడుగుండ్రి" అన్నాను.

శివశంకర్ జాలీ గరిట తీసుకుని ఇసుక కెలికాడు. రూపాయి దొరికింది. తడి బిళ్లను నేలకేసి కొట్టాడు. అది గిరగిరా తిరిగి నా కాలి దగ్గర ఆగింది.

"నీ మొక్కులకు నా ఇల్లే దొరికిందానే? ఎన్ని ప్రాణాలు తీసినవ్ తెలుసా?" అని అరిచాడు. ప్రాణాల మీద ఆయనకు అంత ప్రేమ ఉందని అంతకు ముందు ఎప్పుడూ నాకు తెలియదు. "నడువ్. రేపటి సంది రాకు."

ముత్యమ్మ ఆయన్ని చూడలేదు. నన్ను చూసింది.

"నీకు సెప్పిన గదన్నా" అంది. అంతే. తడి చేతులు కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది. వంగి ఆ రూపాయి తీసి నా పనిముట్ల సంచిలో వేసుకున్నాను. ఎందుకు వేసుకున్నానో అడగకండి. అది అట్లా నేల మీద ఉంటే చూడలేకపోయాను.

వారం గడిచింది. గల్లీలోని మిగతా రెండిళ్ల వాళ్లు కూడా ముత్యమ్మను మానిపించారని అక్కడి వాచ్‌మన్ ఒకడు చెప్పాడు. 'నీళ్లలో ఏదో కలిపిందట, చేతబడట' అని ఆ చదువుకున్న ఇళ్లలో మాట పుట్టింది. కార్లకు నిమ్మకాయలు కట్టుకుని తిరిగే వాళ్లు, ఒక ఆడమనిషి రూపాయి వేసి మొక్కితే భయపడ్డారు. థూ! నాకు వాళ్ల మీద బాగా కోపం వచ్చింది. కోపం పెట్టుకోవడానికి అదొక మంచి చోటు దొరికింది.

ఒక పొద్దున మా ఇంట్లో నల్లా బాగు చేద్దామని సంచి విప్పాను. కింద పడ్డ నట్లు ఏరుకోవడానికి నా దగ్గర దారం కట్టిన అయస్కాంతం ఒకటి ఉంది. అది బయటికి తీస్తే, దానికి రూపాయి అతుక్కుని వచ్చింది. పీకాను. మళ్లీ పెట్టాను. టక్కున అతుక్కుంది.

సువార్తమ్మ చూస్తోంది. "గదే రూపాయా?" అంది. ఆమెకు ఆ కథంతా నేనే చెప్పాను, నాకు కావలసినంత మేరకు.

"ఊఁ."

"అయస్కాంతానికి అతుకుతుంది. ఉక్కు బిళ్ల. దీంట్ల రాగి యాడుంది?"

రాగి అయస్కాంతానికి అతకదని ఆమెకు నేనే ఎప్పుడో చెప్పాను. ఇత్తడీ అతకదు.

"మరి నీళ్లల్లకు రాగి యాడికెల్లి వచ్చింది?" అంది. నేను రూపాయి పీకి జేబులో వేసుకున్నాను. సువార్తమ్మ నాతో నలభై రెండేళ్లు కాపురం చేసింది. నా మౌనం ఏ రకందో ఆమెకు తెలుసు. "ఆదివారం చర్చిల అందరి ముందల నిలబడి పాట ఎత్తుకునే నోరే గదా అది" అని, బియ్యం చాట తీసుకుని లోపలికి పోయింది.

అదే రోజు శివశంకర్ ఫోన్ చేశాడు. సగం నీళ్లు మార్చి, రెండు రొయ్యలు తెచ్చి వేస్తే తెల్లారేసరికి చచ్చాయట. "పైస తీసినం గదా అంకుల్, మళ్లెట్ల చచ్చినయ్?"

వెళ్లాను. పంపు ఆపి, పలక తీసి, వాల్వు విప్పాను. జాయింటు బయట పొడిగా ఉంది. ఒక్క చుక్క కారలేదు. నా పనితనానికి వంక పెట్టలేరు. లోపల మాత్రం ఆకుపచ్చటి చిలుము పొరలు పొరలుగా ఉంది. గీకితే ఇత్తడి పసుపు పోయి ఎర్రటి రాగి రంగు బయటపడింది. రెక్క అంచులు కొరికేసినట్టు అరిగిపోయాయి. ఆ అరిగినదంతా ఎక్కడికి పోయిందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రెండు నెలలుగా రాత్రీ పగలూ అది ఆ తొట్టి నీళ్లలోకే పోయింది.

వాల్వు తీసుకుపోయి శివశంకర్ ముందు గాజు టేబుల్ మీద పెట్టాను.

"నేనే. పిల్లగాడు వద్దన్నా నేనే ఏసిన. రూపాయిల రాగి లేదు, ఉక్కు అది" అన్నాను. తిడతాడని ఎదురుచూశాను. నిజానికి తిట్టాలని కోరుకున్నాను.

ఆయన వాల్వును తిప్పి చూసి, నవ్వాడు. "ఊకోండి అంకుల్. అయ్యిందేదో అయ్యింది. ప్లాస్టిక్‌ది బిగించుండ్రి, మళ్ల నింపుదాం. గీ ముచ్చట మనిద్దరి తాన్నే ఉండనీ. పనిమనిషి ఇంకొకామె దొరికింది. మీ అసొంటి ఫిట్టర్ యాడ దొరుకుతడు? మీ పేరు ఖరాబెందుకు?"

సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఒక్క నిమిషం ప్రాణం హాయిగా అనిపించింది. ఇన్నాళ్లూ మనసులో తెల్లబూట్లవాడా అని తిట్టుకున్న మనిషి, నేను అడగకుండానే నాకు కావలసింది తెచ్చి చేతిలో పెట్టాడు. ఆయన నా తప్పు కప్పుతున్నది దయతో కాదు, ఫిట్టర్ పోతాడని. నేను కప్పుకుంటున్నది నా పేరు పోతుందని. ఇద్దరి లెక్కలోనూ ముత్యమ్మ లేదు. ఇంతకాలం నేను ఆయనకంటే ఏ విషయంలో మెరుగని అనుకున్నానో, ఎంత వెతికినా దొరకలేదు.

సంచిలోని ప్లాస్టిక్ వాల్వు టేబుల్ మీద పెట్టి, ఇత్తడిది జేబులో వేసుకుని బయటికి వచ్చాను. వెనక ఆయన "అంకుల్, బిగించి పోండ్రి!" అంటూనే ఉన్నాడు.

కర్దనూరులో ముత్యమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమనలేదు. నిలబడే వాల్వు చూపించి, అంతా చెప్పాను. చివర "తప్పయింది చెల్లె" అన్నాను.

ఆమె గింజలు తీయడం ఆపలేదు.

"నాకెందుకు సెప్తున్నవ్? నాకు ఎరికే. రూపాయేస్తే సముద్రం సస్తదా?" అంది. "మా బిడ్డ కంపెనీల గుడ అడుగుతున్నరట, మీ అమ్మ మందు పెడ్తదా అని. నా తాన నువ్వు ఒప్పుకుంటె గా నోళ్లు మూతపడ్తయా? యాడ అన్నవో గాడ సెప్పు."

సాయంత్రం ఆరింటికి ఆ గల్లీ ఆడవాళ్లంతా నడకకు బయటికి వస్తారు. ముత్యమ్మను వెంటబెట్టుకుని పోయాను. ఆమెను చూడగానే ఇద్దరు పక్కకు జరిగారు. సునంద గేటు దగ్గర ఆగిపోయింది. వాచ్‌మన్ కూడా లేచి వచ్చాడు. నేను రోడ్డు మధ్యలో నిలబడి, చర్చిలో ఎత్తే గొంతుతోనే చెప్పాను.

"నా పేరు కృపానందం. పైపులు బిగిస్త. శివశంకర్ ఇంట్ల పగడాలు చచ్చింది గీ ఇత్తడి వాల్వుతోని. ఏసింది నేను. వద్దంటే ఇనలే. తెలిసి గుడ ముత్యమ్మ మీద పెట్టిన. ఆమె తప్పు రవ్వంత లేదు."

సునంద, "అయ్యో, మీరెందుకు వేస్తరు అంకుల్? ఆమెనే కాపాడుదామని అంటున్నరేమో" అంది. చూశారా, నా తప్పు నేను ఒప్పుకుంటున్నా నమ్మరు! ఆమె తప్పయితే ఏదీ చూడకుండానే నమ్మారు. సునంద చెయ్యి పట్టుకుని ఆ చిలుము పట్టిన వాల్వును అరచేతిలో పెట్టాను. ఆమె అందులోకి చూసి, ఆ పచ్చదనం వేలికి అంటితే చున్నీకి తుడుచుకుంది. పక్కింటామె కూడా వంగి చూసింది.

"సరే ముత్యమ్మా... రేపటి సంది రా తియ్యి" అంది సునంద, వేరే వైపు చూస్తూ.

"నేను రాను" అంది ముత్యమ్మ. నా వైపు తిరిగి చెయ్యి చాపింది. "నా రూపాయి నీ తాన్నే ఉందన్నవ్ గదా. ఇయ్యి."

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె దాన్ని వీధి లైటు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుకు ముడి వేసుకుంది.

"మొక్కింది మా బిడ్డ కోసం. నీ ఇత్తడి తప్పు లెక్కల కలిపినవ్ దీన్ని" అని, బస్సు స్టాపు వైపు నడిచింది. నేను ఆ ఖాళీ చెయ్యి చాపుకుని చాలాసేపు రోడ్డు మీదే నిలబడ్డాను.